పాత ఆర్‌ఎక్స్-8 ఐడ్లింగ్: లక్షా నలభై వేల కిలోమీటర్ల తర్వాత సమీక్ష

మాజ్డా ఆర్‌ఎక్స్-8, 2005 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. ఓడోమీటర్ లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటింది. మలుపుల్లో ఈ కారు పట్టు, స్టీరింగ్ చురుకు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఇక్కడ రాసేది ఐడ్లింగ్ గురించే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే తీరు గురించి. పాతబడ్డ రోటరీ ఇంజిన్ (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగేది) ఎంత ఆరోగ్యంగా ఉందో అన్నిటికంటే ముందు చెప్పేది అదే, దాన్నే ఎక్కువమంది పట్టించుకోరు.

"రోటరీ కదా, ఐడ్లింగ్ అలాగే ఉంటుందిలే" అనే మాట ఈ కారుకు వర్తించదు. పాత ఆర్‌ఎక్స్-7ల 13బీ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు రోటర్ హౌసింగ్ అంచున ఉండేది. ఎగ్జాస్ట్ మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకోవడంతో కాలిన గ్యాస్ కొంత కొత్త మిశ్రమంలో కలిసేది, ఇంజిన్ గుటుక్కు గుటుక్కుమనేది. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టులు పక్క ప్లేట్లలోకి మారాయి, ఆ రెండూ ఒకేసారి తెరిచి ఉండటం పోయింది. కాబట్టి వేడెక్కిన రెనెసిస్ దాదాపు 800 ఆర్‌పీఎం దగ్గర ముల్లు కదలకుండా నిలబడాలి. నిలబడటం లేదంటే ఏదో చెడిందనే లెక్క.

స్కానర్ పెట్టేముందు చెవి పెట్టండి. ఈ ఇంజిన్‌లో రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు ముఖాలు. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి ఎక్సెంట్రిక్ షాఫ్టు (రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్టు) మూడు చుట్లు తిరుగుతుంది. అంటే షాఫ్టు చుట్టుకు ఒక్కో రోటరులో ఒక్కసారి మంట పుడుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 13 సార్లు. రోటరు పక్కన గ్యాస్ కారకుండా ఆపే సైడ్ సీల్ పోయి ఒక ముఖం కంప్రెషన్ కోల్పోతే ప్రతి మూడో దెబ్బ తప్పుతుంది. సెకనుకు నాలుగైదు సార్లు, గడియారంలా ఒకే తాళంలో కుంటుతుంది. రోటరు మూల మీద ఉండే అపెక్స్ సీల్ అయితే రెండు ముఖాలకు ఉమ్మడి కాబట్టి రెండూ పడిపోతాయి, కుంటు ఇంకా బలంగా ఉంటుంది. కాయిల్ (ప్లగ్గుకు స్పార్క్ వోల్టేజి ఇచ్చేది), ప్లగ్ వల్ల వచ్చే మిస్సింగ్‌కు, అంటే మంట తప్పడానికి, తాళం ఉండదు. ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పెరుగుతుంది. గాలి లీకైతే ఐడ్లింగ్‌లో బాధపెట్టి 2,500 దాటగానే మాయమవుతుంది. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

తాళం లేని మిస్సింగ్‌లో మొదటి ముద్దాయి కాయిలే. రోటరుకు రెండు ప్లగ్గులు, కింద లీడింగ్, పైన ట్రెయిలింగ్, ఒక్కోదానికి సొంత కాయిల్. ప్రతి కాయిలూ షాఫ్టు చుట్టుకు ఒకసారి కొట్టాలి. 9,000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 150 సార్లు. మామూలు పిస్టన్ ఇంజిన్‌లో సిలిండర్‌కో కాయిల్ ఉంటే 6,000 దగ్గర కొట్టేది 50 సార్లే. అంత పనికి తోడు ఇంజిన్ వేడి కూడా ఉంటుంది. అందుకే 45 నుంచి 50 వేల కిలోమీటర్లు దాటిన కాయిళ్లను, అవి పనిచేస్తున్నట్టు కనిపించినా, నమ్మడానికి లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగా కొట్టి, వేడెక్కాక చతికిలబడటం వీటి లక్షణం. పరీక్ష ఎప్పుడైనా ఇంజిన్ వేడి మీదే చేయాలి.

ట్రెయిలింగ్ కాయిల్ ఒకటి చచ్చిపోతే ఐడ్లింగ్‌లో తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ పనంతా దాదాపు లీడింగ్‌దే. పికప్ కొంచెం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. దాన్ని పట్టుకోవాలంటే ఇంజిన్ వేడెక్కించి ఆపి, ముందు రోటరు లీడింగ్ కాయిల్‌కు వెళ్లే కనెక్టర్ తీసి మళ్లీ స్టార్ట్ చేయండి. ట్రెయిలింగ్ బాగుంటే ఇంజిన్ తడబడుతూనైనా రెండు రోటర్ల మీదా నడుస్తుంది. అదీ పోయుంటే ఆ రోటరు పూర్తిగా పడిపోయి ఇంజిన్ ఊగిపోతుంది, లేదా అసలు నిలబడదు. వెనక రోటరుకూ ఇలాగే. ఒక్కోసారి పది సెకన్లకు మించి నడపొద్దు. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్ వైరు మాత్రం లాగొద్దు. దారి దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను కాల్చేస్తుంది, మీకూ షాక్ తగులుతుంది.

మారిస్తే నాలుగు కాయిళ్లూ, నాలుగు వైర్లూ, నాలుగు ప్లగ్గులూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే మిగతా మూడూ ఒకదాని వెనక ఒకటి అదే బాట పడతాయి. కంపెనీ కాయిళ్ల స్థాయికి రాని చవక సెట్లతో అనుభవం బాగాలేదు: వాటిలో ఒక సెట్ పది వేల కిలోమీటర్లు కూడా నిలవలేదు.

ప్లగ్గులు ఎన్‌జీకేలో లీడింగ్‌కు ఆర్‌ఈ7సీ-ఎల్, ట్రెయిలింగ్‌కు ఆర్‌ఈ9బీ-టీ. వీటిని ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు, వేడి తట్టుకునే తీరు వేరు. కారు ఎడమ పక్క జాకీ ఎత్తి, స్టాండు వేసి, ముందు చక్రం తీస్తే నాలుగూ చేతికందుతాయి. సాకెట్ 21 మి.మీ. వైర్లు తీసేముందు ఏది ఏ ప్లగ్గుదో, ఏ కాయిల్‌దో టేపు అంటించి రాసుకోండి. కొత్త కాయిళ్లు వేశాక మిస్సింగ్ ఎక్కువైందంటే దాదాపు ప్రతిసారీ వైర్లు తారుమారైనట్టే. ఇంజిన్ చల్లారాకే విప్పండి, కొత్త ప్లగ్ మొదటి చుట్లన్నీ చేత్తోనే తిప్పండి, చివరికి 13 నుంచి 18 న్యూటన్ మీటర్ల మధ్య ఆపండి. హౌసింగ్ అల్యూమినియం, మర పోతే తిప్పలు పెద్దవి. తీసిన ప్లగ్ నల్లగా ఉందని కంగారు పడొద్దు. ఈ ఇంజిన్ కావాలనే ఆయిల్ కాలుస్తుంది. పెట్రోలుతో తడిసి ఉంటేనే ఆ ప్లగ్ దగ్గర స్పార్క్ లేదని అర్థం.

ఇగ్నిషన్ తర్వాత గాలి. ఐడ్లింగ్‌లో స్కానర్ చూపే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ పెట్రోలు మోతాదును సవరించే శాతం) ప్లస్ 10 శాతం దాటి, 2,500 దగ్గర సున్నా వైపు దిగితే ఎక్కడో గాలి దొంగతనంగా వస్తోంది. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉండే మడతల రబ్బరు గొట్టం అడుగు భాగం, ఆయిల్ పోసే మెడ దగ్గర్నుంచి వచ్చే చిన్న గొట్టం, ఆయిల్ మూత వాషరు, డిప్‌స్టిక్ రింగు ముందు చూడండి. మడతల లోపలి పగులు గొట్టాన్ని వంచి చూస్తేనే కనిపిస్తుంది. పొగ పెట్టి చూసే పరికరం దొరికితే అన్నిటికంటే మేలు. వేడి ఎగ్జాస్ట్ పక్కన క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతకొద్దు, మంట అంటుకుంటుంది.

ట్రిమ్ అన్ని వేగాల్లోనూ ప్లస్‌లోనే ఉంటే లీకు వదిలేసి ఎయిర్‌ఫ్లో సెన్సార్ చూడండి. ఆయిల్ పూసిన ఎయిర్ ఫిల్టర్ వాడినవాటిలో దాని తీగ మీద జిడ్డు పేరుకుంటుంది. దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగి, వేలు తగలకుండా పూర్తిగా ఆరనివ్వండి. అప్పటికీ మారకపోతే ఫ్యూయల్ ప్రెషర్ కొలవాలి.

స్కానర్‌లో మిస్సింగ్‌కు వచ్చే పీ0301 కోడ్ అంటే ముందు రోటరు, పీ0302 అంటే వెనకది, పీ0300 అంటే రెండిట్లో ఎక్కడైనా. చేతికి మిస్సింగే తెలియకుండా పీ0300 పదేపదే వస్తుంటే ఎక్సెంట్రిక్ షాఫ్టు సెన్సార్ నేర్చుకున్న లెక్క చెదిరి ఉండొచ్చు. ముందు సెన్సార్ తల శుభ్రం చేయండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, 8 సెకన్లలోపు బ్రేకు పెడల్ 20 సార్లు తొక్కి వదలండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలితే పాత లెక్క చెరిగినట్టు. ముల్లు కదలకపోతే మళ్లీ చేయండి, వేగంగా.

సీటు, స్టీరింగ్ వణుకుతూ, ఆర్‌పీఎం ముల్లు మాత్రం నిలకడగా ఉంటే అది మిస్సింగ్ కాదు. ఇంజిన్ మౌంట్ రబ్బర్లు అరిగాయి.

ఇవన్నీ సరిచేసినా తాళం తప్పని కుంటు మిగిలితే ఇక కంప్రెషనే. మామూలు పిస్టన్ గేజ్ మూడు ముఖాల్లో గరిష్ఠమైనదే చూపిస్తుంది, చచ్చిన ముఖం దాని వెనక దాక్కుంటుంది. మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ కావాలి. వేడి ఇంజిన్, నిండుగా ఛార్జైన బ్యాటరీ, సెల్ఫ్ 250 ఆర్‌పీఎం దగ్గర తిరిగితే కొత్త ఇంజిన్ 830 కిలోపాస్కల్స్ చూపించాలి, కనీసం 680. ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 150, రెండు రోటర్ల మధ్య 100 మించకూడదు. సెల్ఫ్ వేగం రాయని రిపోర్టు పనికిరాదు. మోటారు వేగంగా తిరిగితే అరిగిన ఇంజిన్ కూడా మంచి అంకెలు చూపిస్తుంది.

ట్యాంకులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం మంచి అలవాటే, లీటరు పెట్రోలుకు 4 నుంచి 5 మి.లీ. చాలు. అది సీళ్లకు తడినిస్తుంది, అరిగినవాటిని తిరిగి బతికించదు.

చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటుంటే కారు అక్కడే ఆపండి, ఇల్లు దగ్గరే కదా అని కూడా నడపొద్దు. కాలని పెట్రోలు ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టు కరిగి దారి మూసుకుంటుంది. బయటికి పోలేని వేడి వెనక్కి తన్ని సీళ్లను తింటుంది. ఇటు ఆ పెట్రోలే హౌసింగ్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. చిన్న కాయిల్‌ను నెలల తరబడి వాయిదా వేసినందుకు ఇంజిన్ మొత్తం విప్పాల్సి రావడం ఈ కారు విషయంలో ఎంతో బాధ కలిగించే సంగతి, ఎందుకంటే అది పూర్తిగా తప్పించుకోగలిగినది.

ఇన్ని చెప్పినా ఈ కారు ఉంచుకోదగ్గదే. బానెట్ ఎత్తడానికి బద్ధకించేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. పాతది చూడటానికి వెళితే, చల్లటి ఇంజిన్ స్టార్టవడం చూసి మురిసిపోకండి. అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వేడి మీద తడుముకుంటే ముఖాలవారీ కంప్రెషన్ అంకెలు చూడకుండా బేరం మొదలుపెట్టొద్దు.