నెల్లూరు ట్రంక్ రోడ్డులో కొన్న జామెట్రీ బాక్స్, రెండు నెలలు వాడినాక

మా పాప తొమ్మిదో తరగతి. వృత్తాల పాఠం మొదలైన కాడ్నించి పాత బాక్స్‌తో రోజూ ఏడుపే, కాంపస్ కాళ్లు వదులై వృత్తం చుట్టి వచ్చేసరికి పెన్సిల్ మొదలెట్టిన చోటికి రాకుండా పక్కకి పోతావుండేది. ఆ కంపెనీ పేరు వద్దులే.

ఈసారి పాపనే షాపుకి తీసుకుపోయినా. "అన్నా, ఒకసారి గీసి చూసుకుంటాం" అంటే షాపాయన వెంటనే తెల్లకాయితం ఇచ్చినాడు, మంచాయన. 5 సెంటీమీటర్లు పెట్టి వృత్తం గీసి, కాంపస్ కదిలించకుండా అదే కొలతతో వృత్తం మీద గుర్తులు పెట్టుకుంటా పోయింది, ఆరో అడుగు మళ్లీ మొదటి చుక్క మీదే పడాల. కేంద్రానికి గీతలు కలిపితే ఆరు సమబాహు త్రిభుజాలు, ఒక్కోదానికి కేంద్రం దగ్గర 60 డిగ్రీలు, మొత్తం 360, చుట్టూ కలిపితే క్రమ షడ్భుజి. కాంపస్ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ తెరుచుకున్నా ఆరు అడుగులకి తేడా దాదాపు 7 మిల్లీమీటర్లు అయిపోద్ది, కంటికే తెలిసిపోద్ది. మొదటి రెండు కాంపస్‌లు తప్పినాయి. మూడోది, స్క్రూ గట్టిగా ఉండేది, సరిగ్గా చుక్క మీద పడింది. 180 రూపాయలు.

సెట్ స్క్వేర్ ఇంటికొచ్చి చూసినాం. లంబకోణం మూలని వృత్తం మీద ఆనించి, రెండు అంచులూ వృత్తాన్ని కోసిన చోట్లు కలిపితే ఆ గీత కాంపస్ ముల్లు గుచ్చిన చిల్లులోంచి పోవాల, ఎందుకంటే అది వ్యాసం. కచ్చితంగా పోయింది! అర్ధవృత్తంలో కోణం 90 అని బట్టీ పట్టిన పిల్ల ఇక ఆగలా, వాళ్లమ్మ గాజు పెట్టి చుట్టూ గీసి, మూలని రెండు చోట్ల ఆనించి రెండు వ్యాసాలు గీసి, అవి కలిసిన చోట కేంద్రం కనిపెట్టేసింది. నాకు శానా సంతోషమేసింది.

కోణమాని దగ్గర మాత్రం జాగ్రత్త. సున్నా గీత అంచుకి కొంచెం పైన ఉండాది, పాప అంచునే గీత మీద పెట్టి కొలిస్తే కోణాలు తేడాగా వచ్చినాయి. సున్నా గీత పెట్టి కొలిస్తే సరిగ్గా వచ్చినాయి.

లోపాలంటే, పెన్సిల్ పట్టే క్లిప్పులో లావు పెన్సిల్ దూరదు, సన్నది విడిగా కొనుక్కోవాల. కోణమాని మీద అంకెలు అప్పుడే చెరిగిపోతావుండాయి. కాంపస్ మాత్రం రెండు నెలలకి కూడా వదులవలా, మొన్న ఆదివారం మళ్లీ ఆరు అడుగులు వేయించి చూసినా.