కొత్త క్లచ్, పడని గేరు: 30,000 కిలోమీటర్ల తర్వాత నా సమీక్ష

క్లచ్ సెట్టు మార్పించి రెండేళ్లు దాటింది. ఈలోగా బండి 30,000 కిలోమీటర్లకు పైగా తిరిగింది. గ్యారేజీ నుంచి తెచ్చుకున్న వారానికే ఈ సమీక్ష రాసి ఉంటే, ఆ సెట్టు పనికిరాదని రాసేవాడిని. అది పెద్ద పొరపాటయ్యేది. నేను పడిన ఇబ్బందిలో సెట్టు తప్పు రవ్వంత కూడా లేదు.

నాది ఐదు గేర్ల మాన్యువల్ కారు. క్లచ్ హైడ్రాలిక్‌తో, అంటే సన్నటి లైనులోని ఆయిల్ పీడనంతో పనిచేస్తుంది, గేరు లివరు నుంచి గేర్‌బాక్సుకు రెండు కేబుళ్లు ఉంటాయి. 1,10,000 కిలోమీటర్ల దగ్గర పాత క్లచ్ జారడం మొదలైంది. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను హోరు పెరిగేది, వేగం మాత్రం పెరిగేది కాదు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించాను. ఒకటి మార్చి మిగతావి వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. వీటిలో ఏది మార్చాలన్నా గేర్‌బాక్సు దించాల్సిందే కదా.

బండి తెచ్చుకున్న మర్నాడు ఉదయం రివర్స్ వేయబోతే లోపల పళ్లు ఒరుసుకున్నట్టు గరగరమని శబ్దం వచ్చింది. మొదటి గేరు వేయాలన్నా లివరును బలంగా నెట్టాల్సి వచ్చింది. మెకానిక్‌కు ఫోను చేస్తే, “కొత్త క్లచ్ కదండీ, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది” అన్నాడు. ఈ మాట చాలామంది వినే ఉంటారు. ఇందులో సగమే నిజం. కొత్త ప్లేటు ఫ్లైవీల్‌తో (ఇంజినుతోపాటు తిరిగే బరువైన చక్రం) కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అయితే అది పట్టుకు సంబంధించిన సంగతి. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడవకపోతే, అంటే ఇంజిను నుంచి గేర్‌బాక్సు విడిపోకపోతే, అది తిరిగేకొద్దీ బాగుపడే లోపం కాదు. పైగా గేరును బలవంతంగా నెట్టిన ప్రతిసారీ వేగాలు కలిపి గేరు మెత్తగా పడేలా చేసే లోపలి సింక్రో రింగులు అరుగుతాయి. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి, లోపం ముందుగా అక్కడే శబ్దంతో బయటపడుతుంది.

అందుకే ఎదురుచూడకుండా నేనే పరీక్షించడం మొదలుపెట్టాను. మొదటి పరీక్ష అన్నిటికన్నా తేలిక. ఇంజిను ఆపి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. తర్వాత ఇంజిను స్టార్ట్ చేసి అవే గేర్లు మళ్లీ వేయాలి. ఆపినప్పుడు హాయిగా పడి, ఇంజిను తిరుగుతున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. రెండుసార్లూ మొరాయిస్తే లివరు, కేబుళ్లు, గేర్‌బాక్సు వైపు చూడాలి. నా బండిలో ఇంజిను ఆపినప్పుడు నాలుగో గేరు వరకు అన్నీ సులువుగా పడ్డాయి. ఐదు, రివర్స్ మాత్రం అప్పుడు కూడా బిగుసుకున్నాయి. ఆ తేడాకు నేను ఆ రోజు తగినంత విలువ ఇవ్వలేదు.

రెండో పరీక్షగా పెడల్‌ను వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి అదిమిపట్టి గేరు వేశాను. మొదటి గేరు మెత్తగా పడింది. తొక్కేకొద్దీ పరిస్థితి మెరుగవుతోందంటే లైనులో గాలైనా ఉండాలి, పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ సీలైనా పోయి ఉండాలి. గేర్‌బాక్సు దించినప్పుడు ఆ లైను విప్పారని తెలుసు కాబట్టి ముందు గాలి తీయించాలనుకున్నాను.

గ్యారేజీలో పక్కనే నిలబడి చూశాను. గేర్‌బాక్సు వైపు ఆ ఆయిల్ పీడనాన్ని అందుకునే స్లేవ్ సిలిండర్ నిపుల్‌కు (గాలి వదిలే చిన్న మూతి) పారదర్శకమైన సన్నటి గొట్టం తగిలించి, రెండో కొసను కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచారు. పెడల్ తొక్కగానే కాఫీ డికాక్షన్ రంగులో ఆయిల్ దిగింది, దాని వెంట ఆవగింజలంత బుడగలు వరుసకట్టి వచ్చాయి. పది పన్నెండుసార్లు తొక్కాకగానీ లేత పసుపు రంగు కనబడలేదు. క్లచ్‌లో కూడా వాడేది బ్రేక్ ఆయిలే, నా బండికి డాట్ 4 రకం. అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలంటారు. నా బండిలో అంతవరకు ఎవరూ మార్చలేదు.

పది రోజులు మొదటి గేరు చక్కగా పడింది. తర్వాత ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర మొదటి గేరులో క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి ఆగి ఉన్నాను. అర నిమిషం గడిచేసరికి బండి తనంతట తానే అంగుళం అంగుళం ముందుకు జరగసాగింది. నా కాలు కదల్లేదు, పెడల్ నేలకు ఆనే ఉంది. లైనులో పీడనం మెల్లగా జారిపోతోందని అప్పుడు అర్థమైంది. ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గలేదు కాబట్టి లీకు లేదని మెకానిక్ వాదించాడు. కానీ మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోతే ఆయిల్ సీలును దాటి తిరిగి అదే డబ్బాలోకి చేరుతుంది. మట్టం ఎందుకు తగ్గుతుంది? పట్టుబట్టి సిలిండర్ మార్పించాను. పాతది విప్పిస్తే సీలు అంచు గోటితో గీరినట్టు చిరిగి ఉంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగంటా తొక్కుతారు. మామూలుగా సీలు చేరని చోట తుప్పు ఉంటే, అప్పుడు దాని మీద ఒరుసుకుని చిరుగుతుంది. ఇక్కడా అదే జరిగిందని నా అంచనా.

అంతటితో మొదటి గేరు సమస్య తీరింది. ఐదు, రివర్స్ మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు మొదటి పరీక్ష గుర్తొచ్చింది. ఆ రెండూ ఉండేది లివరుకు కుడి చివర. పక్కకు జరిపే కేబుల్ సరిగ్గా కుదరకపోతే లివరు ఆ చివరి దాకా చేరదు. చూస్తే కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ బుష్ పగిలి ఉంది. గేర్‌బాక్సు దించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పెకలించిన గాటు దానిమీద స్పష్టంగా కనబడింది. కొత్త బుష్ వేసి, న్యూట్రల్‌లో కేబుల్ సరిచేయడానికి పావుగంట కూడా పట్టలేదు. నెలన్నరగా బాధపెట్టిన రెండు గేర్లు ఒక వేలితో నెట్టినా పడ్డాయి.

గేర్‌బాక్సు ఆయిల్ గురించి కూడా అడగండి. చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగినప్పుడు అది కారిపోతుంది. నా బిల్లులో ఆ పద్దే లేదు, చూస్తే మట్టం తక్కువగా ఉంది. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయించాను. అందులో జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) అని ఉన్నచోట జీఎల్-5 పోయనివ్వకండి, దానిలోని కొన్ని గంధక రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను దెబ్బతీయవచ్చు.

ఇక సెట్టు సంగతి. మొదటి 300 కిలోమీటర్లు చల్లటి ఇంజినుతో బయలుదేరేటప్పుడు కొద్దిగా అదురు ఉండేది, తర్వాత పోయింది. పెడల్ పాతదానికన్నా తేలిక, పట్టు పెడల్ సగం దూరంలో దొరుకుతుంది. నిండా మనుషులతో ఎత్తు ఎక్కినా జారలేదు. బేరింగ్ నుంచి ఇప్పటికీ చప్పుడు లేదు. మళ్లీ అవసరమైతే ఇదే సెట్టు వేయిస్తాను.

సిగ్నల్ దగ్గర అనుకోకుండా తెలిసిన ఆ పరీక్షను మాత్రం వదల్లేదు. అప్పుడప్పుడు ముందు ఎవరూ లేని చదునైన చోట, చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద ఉంచి, మొదటి గేరులో క్లచ్ తొక్కిపట్టి చూస్తాను. పోయిన వారం కూడా చూశాను. నిమిషం గడిచినా బండి కదలలేదు.