కళింగపట్నంలో బోటు షికారుకి అడ్వాన్స్ కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

మాది విజయనగరం. మొన్న దసరా సెలవుల్లో మా అన్నయ్య వాళ్లు, మేము కలిసి తొమ్మిది మందిమి కళింగపట్నం వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోట బోటు షికారు అని వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. అందులో ఫోటోలు: ఇసుకలో గుడ్లు పెడుతున్న తాబేలు, చెట్టు నిండా గూడబాతులు, నీళ్లలోంచి ఎగురుతున్న డాల్ఫిన్. రెండున్నర గంటల్లో అన్నీ చూపిస్తామన్నారు. పెద్దలకి 700, పిల్లలకి 400. మొత్తం 5,400 అయింది. 3,000 ఫోన్‌పేలో ముందే పంపాను. ఆ బోటు అతని పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి ప్రకటన చూస్తే మీకే తెలిసిపోతుంది.

నా తప్పు ఏమిటంటే, ఆ ఫోటోలు ఏ కాలానివో నేను ఆలోచించలేదు. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరి నుంచి మార్చి మధ్యలో, అదీ రాత్రిపూట. అక్టోబరులో పట్టపగలు బోటులోంచి ఎలా కనిపిస్తాయి? పైగా "తాబేలుతో ఫోటో దిగొచ్చు" అన్నాడు ఫోన్‌లో. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకుంటే కేసు. గూడబాతుల ఫోటో అయితే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో తీసింది. ఆ చింతచెట్లు నేను గుర్తుపట్టాను, చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్లారు. పక్షులు ఆ వేళకి నిజంగానే అక్కడికి వచ్చేసి ఉంటాయి. కానీ అవి ఊళ్లో చెట్ల మీద ఉంటాయి. వాటిని చూడాలంటే నడిచి వెళ్లాలి, బోటుతో పనిలేదు!

ఇవన్నీ డబ్బు సంగతి, పోతే పోయింది. నాకు ఇంకా కోపం తగ్గనిది వాతావరణం విషయంలో. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రెండు రోజులుగా టీవీలో చెబుతూనే ఉన్నారు. నేను ఫోన్ చేసి అడిగితే "అది ఒడిశా వైపు పోతాది సార్, ఇక్కడ ఎండ కాస్తోంది" అన్నాడు. ఎండ కాస్తున్న మాట నిజమే. మనవాళ్లకి అక్టోబరు రెండో వారం గురించి చెప్పాలా? ఫైలిన్ 2013లో అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో మళ్లీ అదే 12న, తిత్లీ 2018లో 11న, ఈ తుపాన్లన్నీ ఆ వారంలోనే తీరం దాటాయి. ఆ వారానికి అడ్వాన్స్ కట్టాను చూడండి, నాకు బుద్ధి లేదు.

బోటెక్కాక చూస్తే తొమ్మిది మందికి ఐదు లైఫ్ జాకెట్లు. అందులో రెండింటికి బకిల్ లేదు. పిల్లల సైజు ఒక్కటీ లేదు. అడిగితే "లోతు లేదు సార్" అన్నాడు. లోతు లేదన్నది నిజమే, పావుగంటకే ఇసుక మేట మీద బోటు కూర్చుండిపోయింది. నీళ్లు వెనక్కి తీస్తున్న వేళకి బయల్దేరదీశాడు మరి. మగవాళ్లం దిగి తోశాం. అక్కడ ఇసుక దిబ్బ మీద తెల్లటి సముద్రపు పిట్టలు గుంపుగా వాలి ఉన్నాయి, ఎర్రపీతలు పరుగులు తీస్తున్నాయి. ఆ ఐదు నిమిషాలే బాగున్నాయి. బోటు కదలగానే ఇతను ఇంజిన్ రెచ్చగొట్టి వాటి మీదికి పోనిచ్చాడు, ఎగిరితే ఫోటో బాగా వస్తుందట. మా వదిన గట్టిగా అరిచాక ఆపాడు.

అంతలో తూర్పున మబ్బు కమ్మింది. వాన తెరలా మీదికి వచ్చేసింది, గాలికి బోటు పక్కకి ఒరిగింది, ఇంజిన్ ఆగింది. మా చిన్నది నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే మెడ మీద గోళ్ల గుర్తులు పడ్డాయి. వలలు సర్దుకుని ఒడ్డుకి వస్తున్న జాలరి ఒకాయన తాడు విసిరి మమ్మల్ని లాక్కొచ్చాడు. "ఏటి బాబూ, పోర్టులో మూడో నంబరు ఎగరేసినారు గదా, పిల్లలతోటి ఎందుకొచ్చినారు?" అన్నాడు. మూడో నంబరు అంటే రేవుకి ఈదురుగాలుల ముప్పు ఉందని హెచ్చరిక. జాలర్లే వేట ఆపేసి వచ్చేస్తుంటే మేము టిక్కెట్టు కొని లోపలికి వెళ్లాం. ఆయన డబ్బు ఇస్తే తీసుకోలేదు.

ఒడ్డుకి వచ్చాక మిగతా 2,400 కూడా అడిగాడు మా బోటు మనిషి! తిరిగింది ముప్పావు గంట. నేను ఇవ్వలేదు. అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటే "వాతావరణం మా చేతిలో ఉందా సార్? జనవరిలో రండి, పది శాతం తగ్గిస్తాం" అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు డబ్బు పంపే ముందు రెండు మాటలు అడగండి. పోర్టులో హెచ్చరిక ఎగరేస్తే అడ్వాన్స్ వెనక్కి ఇస్తావా అని మెసేజ్‌లో రాయించుకోండి, నోటిమాట చెల్లదు. జాకెట్ల ఫోటో, పిల్లలవి కూడా, పెట్టమనండి. వెళ్లే రోజు పొద్దున్న రేవులో జాలర్లని అడిగితే చాలు, వాళ్లు చెప్పినంత సూటిగా ఏ యాప్ చెప్పదు. అతను పంపిన ఫోటోలు, చాట్, ఫోన్‌పే రసీదు నా దగ్గర ఉన్నాయి. మీకూ అవే ఫోటోలు వచ్చాయేమో అనుమానం ఉంటే మెసేజ్ చేయండి, పోల్చి చూసుకుందాం.