మిర్చి యార్డులో నావిటైమర్

మా మేనల్లుడి వాచీ మూడు వారాలు నా చేతికి ఉంది. స్విస్ కంపెనీ బ్రైట్లింగ్ చేసే నావిటైమర్, 43 మిల్లీమీటర్లది, నల్ల డయల్, స్టీలు చెయిన్. వాడు ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాల మీద ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. రిటైరైన ఒక కెప్టెన్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎంతకి కొన్నాడో నాకు తెలుసు, మా అక్కకి తెలియదు. ఇక్కడ రాశానంటే సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కొత్తది కొనే డబ్బుతో ఒక చిన్న కారు ఇంటికొస్తుందని మాత్రం చెబుతాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాని. వాచీల పిచ్చి ఉంది గానీ వాటిని కొనేంత జీతం ఎప్పుడూ లేదు. 1987లో నాలుగు నెలల జీతంలో మిగిల్చి కొనుక్కున్న హెచ్ఎంటీ పైలట్ ఇప్పటికీ నా చేతికే ఉంటుంది. నల్ల డయల్, తెల్ల అంకెలు, యంత్రం అరగకుండా లోపల పదిహేడు జ్యువెల్స్ అనే చిన్న రాళ్ళు, పొద్దున్నే కీ ఇచ్చుకోవాలి. పేరుకి పైలట్. దాన్ని పెట్టుకుని నేను ఎక్కిన ఎత్తల్లా మా కొట్టు మేడ మెట్లే.

నావిటైమర్ నా దగ్గరికి జబ్బు చేసి వచ్చింది. "మావయ్యా, రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పరిగెడుతోంది. బెజవాడలో నీకు తెలిసిన ఆయన ఉన్నాడుగా, ఒకసారి చూపించవా?" అన్నాడు వాడు. ఆయన బీసెంట్ రోడ్డు పక్క సందులో, మెట్ల కింద, మనిషి ఒక్కడే పట్టే చోట కూర్చుంటాడు. నా హెచ్ఎంటీకి పాతికేళ్ళుగా ఆయనే డాక్టరు.

ఆయన వెనక మూత తీయలేదు. సొరుగులోంచి పిల్లలు ఆడుకునేలాంటి చిన్న దిక్సూచి తీసి బల్ల మీద పెట్టాడు. వాచీని నెమ్మదిగా దాని పక్కకి జరిపాడు. ముల్లు ఉత్తరం వదిలేసి ఇటు తిరిగింది. "అయస్కాంతం పట్టింది. అబ్బాయి దీన్ని దేని పక్కన పెడుతున్నాడో అడగండి" అన్నాడు. ఫోన్ చేశాను. కాక్‌పిట్‌లో మ్యాపులవీ చూసుకునే టాబ్లెట్ ఉంటుందట, రాత్రి హోటల్లో వాచీని దాని కవరు మీదే పెట్టి పడుకుంటాడట. ఆ కవరు మూత పడేది లోపలున్న అయస్కాంతాల వల్లే. దాంతో లోపలి హెయిర్ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైపోయినట్టు వాచీ పరుగందుకుంటుంది. తప్పు వాచీది కాదు, మావాడిది. ఆయన అయస్కాంతం వదిలించే ఒక నీలం డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, మెల్లగా పైకెత్తాడు. అంతే వైద్యం. 200 రూపాయలు. "కొన్నాళ్ళు పెట్టుకుని చూసి ఇవ్వండి" అన్నాడు. అలా వచ్చింది నాకు మూడు వారాల యోగం.

పైలట్ వాచీలకి ఈ అయస్కాంతం బాధ కొత్తదేమీ కాదు. 1948లో ఐడబ్ల్యూసీ కంపెనీ బ్రిటిష్ వైమానిక దళం కోసం చేసిన మార్క్ 11 వాచీలో, యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో ఒక లోపలి డొక్కు పెట్టారు. అయస్కాంతం ప్రభావం ఆ ఇనుములోంచే పోతుంది, యంత్రం జోలికి రాదు. అప్పుడు భయం కాక్‌పిట్‌లోని పరికరాలతో. ఇప్పుడు టాబ్లెట్ కవరుతో.

ఇక వాచీ సంగతి. మొదటిరోజు యార్డులో అందరూ అన్న మాట ఒకటే: "ఏవండీ, మీ వాచీ ఆగిపోయింది." మధ్యలో ఉన్న పొడుగు సెకన్ల ముల్లు పన్నెండు మీద కదలకుండా నిలబడి ఉంటుంది మరి. అది స్టాప్ వాచీ ముల్లు, బటన్ నొక్కితేనే నడుస్తుంది. అసలు సెకన్లు పక్కనున్న చిన్న గుండ్రంలో తిరుగుతుంటాయి. మూడు రోజులు అందరికీ విడమరిచి చెప్పాను. నాలుగో రోజు నుంచి "అవును, ఆగింది, బాగుచేయించాలి" అనేశాను.

డయల్ మీద రాతలు మరీ ఎక్కువ. మూడు చిన్న గుండ్రాలు, వాటి చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అంకెల వరసలు. నాకు చత్వారం. అద్దాలు లేకుండా గంట, నిమిషం తెలుస్తాయి, మిగతాదంతా చీమలబారు. నా హెచ్ఎంటీ అయితే లారీ లైటు వెలుతురులో కూడా కనిపిస్తుంది. టైము చూసుకోవడమే పనైతే ఇంత అయోమయం అక్కర్లేదు.

అయితే ఆ చీమలబారులోనే ఉంది దీని గొప్పంతా. 1952లో ఈ వాచీని తయారు చేసింది లెక్కలు కట్టడానికి. చుట్టూ ఉన్న రింగు తిప్పితే బయటి అంకెల వరస కదులుతుంది, లోపలి వరస కదలదు. ఇంజనీరింగ్ వాళ్ళు కాలిక్యులేటర్లు రాకముందు వాడిన స్లైడ్ రూల్‌ని గుండ్రంగా చుట్టి మణికట్టు మీద పెట్టారన్నమాట. ఇంధనం ఎంత కాలుతుంది, ఎంతసేపట్లో చేరతాం, మైళ్ళకి కిలోమీటర్లెన్ని, అన్నీ దీంతో కట్టేవారు. ఉదాహరణకి వేగం గంటకి 150 నాటికల్ మైళ్ళు, ఇంకా వెళ్ళాల్సింది 35. బయటి 15ని లోపలి 60కి ఎదురుగా తెచ్చి, బయటి 35 కింద చూస్తే 14. పద్నాలుగు నిమిషాల్లో చేరతాం.

నాకు విమానం లేదు, మిర్చి ఉంది. క్వింటా పదహారు వేలు అనుకోండి, టిక్కీ, అంటే మిర్చి బస్తా, 42 కిలోలు తూగింది. బయటి 16ని లోపలి 10కి ఎదురుగా పెట్టాను. లోపలి 42కి ఎదురుగా చూస్తే బయట 67 దాటి ఒక వెంట్రుక. అంటే 6,700 పైచిలుకు. కాగితం మీద వేస్తే 6,720. సున్నాలు మనమే పెట్టుకోవాలి, చివరి అంకె మన కంటిచూపుని బట్టి. రైతుకి డబ్బు కట్టే లెక్కకి పనికిరాదు గానీ, వేలం జరుగుతుంటే పక్కనున్నవాడు ఫోన్ తీసేలోపు ఉజ్జాయింపు నా చేతి మీద ఉండేది. మా షావుకారు రెండు రోజులు గమనించి, "ఆ గాజు తిప్పుకుంటూ ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగాడు. చేసి చూపించాను. ఆయన నోటిలెక్క నా రింగు కంటే ముందే అయిపోయింది, అది వేరే విషయం.

ఒక జాగ్రత్త. రింగు అంచున పట్టు కోసం చిన్న చిన్న గాట్లు ఉంటాయి. తేజ మిర్చి దుమ్ము వాటిలోకి దూరితే వదలదు. పాత టూత్ బ్రష్‌తో రోజూ తోమాల్సి వచ్చింది. ఈ ఇబ్బంది స్విట్జర్లాండ్‌లో ఎవరికీ తట్టి ఉండదు.

స్టాప్ వాచీని గుంటూరు నుంచి బెజవాడ వెళ్ళే పాసింజర్‌లో పరీక్షించాను. మంగళగిరి దాటాక కిటికీ పక్కన కూర్చుని, పట్టాల వెంట ఉండే కిలోమీటరు రాయి కనపడగానే నొక్కాను, తరవాతి రాయి దగ్గర మళ్ళీ నొక్కాను. బటన్ నొక్కుడు పడడం బాగుంది, కొత్త తాళంలో చెవి తిరిగినట్టు గట్టిగా, ఒక్క దెబ్బతో. 45 సెకన్లు వచ్చింది. గంటకి 3,600 సెకన్లు కాబట్టి బయటి 36 కింద లోపలి 45 తెచ్చి, లోపలి 10కి ఎదురుగా చూస్తే 8. గంటకి 80 కిలోమీటర్లు. ఎదుటి సీట్లో పల్లీలు తింటున్న కుర్రాడికి చెప్పాను. వాడు ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, "79 అంకుల్" అన్నాడు. కృష్ణా కెనాల్ వచ్చేదాకా నేనింక ఏమీ కొలవలేదు.

నీళ్ళ విషయంలో ఈ వాచీ సుకుమారం. లోతు 30 మీటర్లని రాసి ఉంటుంది గానీ, దాన్ని చేతులు కడుక్కోవడం వరకే అని చదువుకోవాలి. 1962లో స్కాట్ కార్పెంటర్ అనే అమెరికన్ వ్యోమగామి ఇరవై నాలుగు గంటల డయల్‌తో చేయించిన నావిటైమర్ పెట్టుకుని భూమి చుట్టూ తిరిగొచ్చాడు. అంతరిక్షంలో బాగానే ఉంది. తిరిగొచ్చి సముద్రంలో దిగాక ఉప్పునీళ్ళకి పాడైపోయింది. ఈ కథ తెలుసు కాబట్టి నేను పున్నమి ఘాట్‌లో స్నానానికి దిగేముందు దాన్ని విప్పి మా ఆవిడ చేతిసంచిలో పెట్టాను. స్నానం చేసినంతసేపూ నా చూపు అమ్మవారి కొండ మీద లేదు, సంచి మీదే ఉంది. లక్షల వాచీతో వచ్చే టెన్షన్ ఇది. చేతికున్నా టెన్షనే, తీసినా టెన్షనే.

తీసుకెళ్ళడానికి వాడు గన్నవరంలో దిగి నేరుగా గుంటూరు వచ్చాడు. భోజనాల దగ్గర అడిగాను: "ఒరేయ్, నిజం చెప్పు. పైన ఎప్పుడైనా ఈ రింగు తిప్పావా?" వాడు నవ్వాడు. "ట్రైనింగులో ఇలాంటి లెక్కల చక్రం అట్టముక్కంత సైజులో ఒకటిచ్చారు మావయ్యా, పరీక్ష అయ్యాక దాన్ని ముట్టుకోలేదు. అన్నీ స్క్రీన్ మీదే ఉంటాయి. గడియారం కూడా విమానంలోదే చూస్తాం."

"మరి ఇంత డబ్బెందుకు పోశావురా?"

కాసేపు పప్పు కలుపుకుంటూ ఊరుకున్నాడు. తరవాత అన్నాడు, "రోజుకో విమానం ఎక్కుతాం మావయ్యా. సీటు నాది కాదు, పక్కన కెప్టెన్ ఎవరో ముందురోజు దాకా తెలియదు. అక్కడ నాదనేది నా హెడ్‌సెట్టూ, ఇదీ. అంతే." కంపెనీల ప్రకటనల్లో ఎన్ని విమానాల బొమ్మలు చూశానో గానీ, ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

ఈ మోజుకి వందేళ్ళు దాటింది. శాంటోస్ డ్యుమాంట్ అనే బ్రెజిల్ ఆయన పారిస్‌లో గాల్లో ఎగురుతూ, జేబులోంచి గడియారం తీయడానికి చెయ్యి ఖాళీ లేదని మొత్తుకుంటే, 1904లో లూయీ కార్టియే ఆయనకి చేతికి కట్టుకునేది చేసిచ్చాడు. అది అవసరం. 1950లలో పాన్ యామ్ అనే అమెరికన్ విమాన కంపెనీ పైలట్ల కోసమని రోలెక్స్ జీఎంటీ మాస్టర్ చేసింది, అదీ అవసరమే. ఇరవై నాలుగు గంటల అంకెలున్న ఎరుపూ నీలం రింగు, అదనంగా ఒక ముల్లు, రెండు దేశాల టైములు ఒకేసారి. పైలట్లు లాగ్ బుక్కు రాసేది యూటీసీలో, అంటే పాత గ్రీనిచ్ టైములో కదా.

అందుకని మావాడితో అన్నాను, "ఇది అమ్మేసి రోలెక్స్ జీఎంటీ తీసుకోరా, నీ ఉద్యోగానికి అదే సరి."

"మన దగ్గర దాంతో తిప్పలే మావయ్యా. మనకి గ్రీనిచ్‌కి తేడా ఐదున్నర గంటలు. దాని అదనపు ముల్లు గంటలే చూపిస్తుంది, నిమిషాల ముల్లు రెంటికీ ఒక్కటే. ఆ అరగంట ఎప్పుడూ మనమే మనసులో తీసెయ్యాలి." ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుని హెచ్ఎంటీ విప్పాడు. తలకిందులు చేసి నా కళ్ళ ముందు పెట్టాడు. "అంకెలు వదిలెయ్. ముళ్ళు ఎటున్నాయో చూడు."

మధ్యాహ్నం ఒంటిగంట. తలకిందులుగా చూస్తే చిన్న ముల్లు ఏడు ఉండాల్సిన చోట, పెద్ద ముల్లు ఆరు ఉండాల్సిన చోట. ఏడున్నర. గ్రీనిచ్‌లో అప్పుడు సరిగ్గా ఉదయం ఏడున్నర. చిన్న ముల్లు అరగంట వెనకబడ్డట్టు ఉంటుంది, దాన్ని సర్దుకుంటే చాలు, ఎప్పుడు తిప్పినా లెక్క తప్పదు. ముప్పై ఏడేళ్ళకి పైగా నా చేతి మీద జీఎంటీ వాచీ ఉందన్నమాట.

కొనేవాళ్ళకి నా మాట. డబ్బుండి, చేతి పనితనం మీద ఇష్టముంటే నావిటైమర్ మంచి వస్తువు. మూడు వారాల్లో నేను చూసినంతలో, అయస్కాంతం వదిలాక రోజుకి రెండు మూడు సెకన్లకి మించి తేడా రాలేదు. ఆ లోహం మెరుగు, ఆ బటన్ల నొక్కుడు చవక వాచీల్లో రావు. చత్వారం ఉంటే వద్దు. నాలాగా ఆ రింగు లెక్కల మీద మాత్రమే మోజైతే, సిటిజన్ వాళ్ళవి అదే రింగుతో, వెలుతురుతో ఛార్జయ్యే వాచీలున్నాయి, ధర దీంట్లో చిన్న ముక్క. పైగా చుట్టరికం కూడా ఉంది: 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీలు మొదలైంది ఆ సిటిజన్ సాయంతోనే. ఆ హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి 2016లో కేంద్రం ఆమోదం వేసింది. బీసెంట్ రోడ్డు మెట్ల కింద ఆయన దగ్గర విడిభాగాల డబ్బా ఒకటి ఇంకా ఉంది, నేను బతికినంతకాలం సరిపోతుందట.

మొన్న రాత్రి ఎనిమిదికి అక్క ఫోన్ చేసింది. వాడి డ్యూటీల రోస్టరు కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుంటుంది, అందులో టైములన్నీ యూటీసీలో ఉంటాయి, ఆవిడకి అర్థం కావు. "ఒరేయ్, 1445 అని ఉంది. వాడు దిగాడంటావా, లేదా?"

హెచ్ఎంటీ విప్పి తలకిందులు చేశాను. రెండున్నర. "ఇంకో పావుగంట అక్కా. గిన్నె పొయ్యి మీద పెట్టకు, వాడు ఇవాళ పడుకునేది హైదరాబాద్‌లో."