ఫ్లాస్క్: ఏళ్ల తరబడి వాడాక

పైథాన్ వచ్చినవాళ్లు వెబ్ వైపు ఎలా వెళ్లాలని అడిగితే ఇప్పటికీ నేను ఫ్లాస్క్ పేరే చెబుతాను. 2010లో ఆర్మిన్ రోనాకర్ మొదలుపెట్టిన ఈ పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను (వెబ్‌సైట్లు కట్టేందుకు ముందే రాసిపెట్టిన కోడ్‌ను) ఇప్పుడు పాలెట్స్ బృందం చూసుకుంటోంది.

మొదలుపెట్టడం నిజంగానే తేలిక. పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, ఒక్క ఫైల్లో ఐదారు లైన్లు రాసి, టెర్మినల్లో ఫ్లాస్క్ రన్ అని కొడితే 5000 పోర్టులో పేజీ వచ్చేస్తుంది. కొత్త మ్యాక్‌లలో ఆ పోర్టును ఎయిర్‌ప్లే (యాపిల్ వాళ్ల స్క్రీన్ షేరింగ్) ముందే పట్టుకుని ఉంటుంది, వేరే పోర్టు ఇచ్చుకోండి. డేటాబేస్, లాగిన్ లాంటివేవీ ఇందులో రావు. మనకు కావాల్సినవి మనమే ఎంచుకోవాలి. నాకు నచ్చిందీ అదే, ఎందుకంటే యాప్‌లో ఏది ఎక్కడుందో నాకు తెలుస్తుంది.

చిక్కల్లా ఫైలు పెరిగాక వస్తుంది. మోడల్స్‌ని, అంటే డేటాబేస్ టేబుళ్లను వర్ణించే క్లాసులను, వేరే ఫైల్లోకి తీస్తారు. అది యాప్‌ను ఇంపోర్ట్ చేస్తుంది, యాప్ తిరిగి దాన్ని ఇంపోర్ట్ చేస్తుంది, రెండూ ఇరుక్కుపోతాయి. దీనికి మందు క్రియేట్ యాప్ ఫంక్షన్: యాప్‌ను అందులో తయారుచేసి, రూట్లను (ఏ యూఆర్‌ఎల్‌కు ఏ ఫంక్షన్ అని చెప్పేవి) బ్లూప్రింట్లు అనే విడి గుంపులుగా విడగొట్టాలి. చాలా ట్యుటోరియల్స్ దీన్ని చివరికి నెట్టేస్తాయి. నన్నడిగితే మొదటి వారంలోనే నేర్చుకోవాలి.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి. డేటాను జేసన్‌గా మార్చే ఫ్లాస్క్ ఫంక్షన్ జేసన్‌ఫైతో పంపితే ‘హైదరాబాద్’ అన్న మాట బ్యాక్‌స్లాష్ యు, దాని పక్కన అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోతుంది. బ్రౌజర్ దాన్ని సరిగ్గానే చదువుకుంటుంది, కానీ టెర్మినల్లో చూసే మనకు ఒక్క ముక్క అర్థం కాదు. యాప్ జేసన్ సెట్టింగుల్లో ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేస్తే చక్కగా తెలుగే కనిపిస్తుంది. పాత పాఠాల్లో చెప్పే జేసన్ యాజ్ ఆస్కీ కాన్ఫిగ్ 2.3 వెర్షన్ నుంచి పనిచేయదు.

సర్వర్‌కు ఎక్కించేటప్పుడు ఫ్లాస్క్ రన్ వాడకండి, అసలు సర్వర్ల కోసమే చేసిన గూనికార్న్ పెట్టండి. డీబగ్ మోడ్ తప్పనిసరిగా ఆపేయండి. ఎర్రర్ పేజీ నుంచే పైథాన్ కోడ్ నడిపే కన్సోల్ అందులో ఉంటుంది, దానికి కాపలా ఒక్క పిన్ మాత్రమే.

చిన్న ఏపీఐలకు, ఆఫీసు లోపలి టూల్స్‌కు దీన్ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రెడీమేడ్ అడ్మిన్ ప్యానెల్, యూజర్ల పర్మిషన్లు మొదటిరోజు నుంచే కావాలంటే అవన్నీ కలిపి ఇచ్చే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకు వెళ్లండి. అవన్నీ ఫ్లాస్క్‌లో ఒక్కొక్కటిగా అతికించుకుంటూ పోతే మిగిలేది సగం జాంగోనే, అదీ మీరొక్కరే మెయింటెయిన్ చేయాల్సింది.