కొమ్ముపిడి చాకు కోసం తియేర్, లయోల్ దాకా

కొమ్ముతోనో, కర్రతోనో పిడి వేసిన సంప్రదాయ మడతచాకులను సేకరించే అలవాటు ఉన్నవారు ఫ్రాన్స్ వెళ్తే పారిస్ దుకాణాల దగ్గరే ఆగిపోకూడదు. దేశం నడిమధ్యన ఓవెర్న్ ప్రాంతంలో ఉన్న తియేర్, దానికి దక్షిణాన ఓబ్రాక్ పీఠభూమి మీద ఉన్న లయోల్, ఈ రెండు ఊళ్లూ చూడవలసినవి. రెండింటికీ వెళ్లే తీరిక లేనివారు ఏది ఎంచుకోవాలని అడిగితే, చాకు ఎలా తయారవుతుందో చూడటానికి తియేర్, నచ్చిన పిడిని చేత్తో పట్టి చూసి కొనుక్కోవడానికి లయోల్ అని చెబుతాను. మా దంపతులం గత వేసవిలో రెండూ చూసి వచ్చాం.

పారిస్‌లోని బెర్సీ స్టేషన్ నుంచి తియేర్‌కు దగ్గరలోని నగరం క్లెర్మోఁ-ఫెరాఁకు రైలులో మూడున్నర గంటలు పడుతుంది. తియేర్‌లో బస దొరుకుతుంది గాని, ఊరంతా నిట్టనిలువు కొండవాలు మీద ఉండటం వల్ల సామానుతో ఆ మెట్లూ ఆ సందులూ ఎక్కడం కష్టం. అందుకే మేము క్లెర్మోఁ-ఫెరాఁ స్టేషన్‌కు దగ్గరలో ఒక చిన్న హోటల్‌లో దిగాం. గది ఇరుకుగా ఉన్నా శుభ్రంగా ఉంది. మా ఆవిడ శాకాహారి అని చెప్పినప్పటి నుంచి ఉదయపు ఫలహారం బల్ల మీద ఆమె కోసం జున్నూ, పండ్లూ వేరే పళ్లెంలో పెట్టారు. అక్కడి నుంచి తియేర్ సుమారు 40 కిలోమీటర్లు. రైలు ఉంది, కాని రోజుకు వచ్చిపోయేవి తక్కువ కాబట్టి తిరుగు రైలు వేళ చూసుకున్నాకే బయలుదేరడం మంచిది.

తియేర్‌లో కత్తుల పని మధ్యయుగాల నుంచి సాగుతోంది. ఇప్పటికీ ఫ్రాన్స్‌లో తయారయ్యే చాకులలో సింహభాగం ఈ ఊరిదీ, దీని చుట్టుపక్కల పల్లెలదే. ఊరి కిందుగా లోయలో ఉరకలేసే దురోల్ అనే చిన్న నది సానచక్రాలను తిప్పింది, ఆ నీటి బలమే ఈ వృత్తిని ఇక్కడ నిలబెట్టింది. కత్తుల మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది సానపట్టేవారి పనితీరు. వారు కూర్చుని కాదు, చక్రం మీదుగా వాలుగా అమర్చిన పలక మీద బోర్లా పడుకుని, ఒంటి బరువంతా చేతుల మీద మోపి అలుగును, అంటే చాకులో పదునుండే రేకును, రాయికి ఒత్తేవారు. చలికి కాళ్లు కొయ్యబారకుండా కుక్కను కాళ్ల మీద పడుకోబెట్టుకునేవారు. రాయి నుంచి చిమ్మే పసుపుపచ్చ బురద బట్టల ముందుభాగానికి అంటుకోవడంతో వారికి ‘పసుపు పొట్టలవాళ్లు’ అనే పేరు కూడా స్థిరపడింది. అదే మ్యూజియంలో పనివారు మన కళ్లెదుట చాకు భాగాలు కూర్చి చూపిస్తారు. ఏనుగుదంతం, తాబేటిచిప్ప, ముత్యపుచిప్ప, ఎముక, కొమ్ము పిడులన్నీ ఒకేచోట పెట్టి ఉండటం వల్ల ఏ పదార్థం వయసుతోపాటు ఎలా మారుతుందో పోల్చి చూసుకోవచ్చు. ఊరికి ఎగువన నదీతీరంలో పాత సానశాలలు ఉన్న లోయ కూడా చూడదగ్గదే. అయితే దాన్ని ఎండాకాలంలోనే తెరుస్తారు, నడవడానికి గట్టి బూట్లు కావాలి.

కొనుగోలు విషయంలో తియేర్ నాకు అంతగా నచ్చలేదు. పాత వీధిలో దుకాణాలకు కొదవ లేదు, 1994లో స్థానిక తయారీదారులు కలిసి రూపొందించుకున్న ‘లె తియేర్’ అనే ఉమ్మడి ఆకారపు చాకులో చక్కని పనితనమూ ఉంది. కాని అదే వీధిలో ఎక్కడో తయారై వచ్చిన చవక సరుకు కూడా అదే అద్దాల బీరువాలో మెరుస్తూ ఉంటుంది. ఒక దుకాణంలో, పేరు చెప్పను, కొమ్ముపిడి అని చూపిన చాకును చేతిలోకి తీసుకుంటే పోతపోసిన ప్లాస్టిక్ అని చూడగానే తెలిసిపోయింది. అడిగితే అమ్మకందారు భుజాలు ఎగరేశాడు. తయారీదారు తన పేరుతోనే నడుపుకునే దుకాణానికే వెళ్లాలన్న నియమం పెట్టుకుంటే ఈ చికాకు ఉండదు.

లయోల్‌కు రైలు లేదు. కారు అద్దెకు తీసుకుని ఏ75 రహదారి మీదుగా వెళ్లాం. దారిలో సేఁ-ఫ్లూర్ ఊరు దాటాక గరాబీ దగ్గర ఐఫెల్ సంస్థ కట్టిన ఎర్రటి ఇనుప వంతెన కనిపిస్తుంది, చాకులకు సంబంధం లేకపోయినా అక్కడ కాసేపు ఆగవచ్చు. రాత్రి బస షోద్-ఎగ్ అనే వేడినీటి బుగ్గల ఊళ్లో. ఇక్కడి పార్ బుగ్గలో నీరు 82 డిగ్రీల వేడితో వస్తుంది, వీధిలోనే పొగలు కక్కుతూ పారుతుంది. గది అద్దె లయోల్‌లో అడిగినదాని కంటే తక్కువ, ఇంటావిడ మర్యాద ఎక్కువ. వేసవి సెలవుల్లో వెళ్లేవారికి ఈ ఊరే మంచి మజిలీ.

లయోల్ సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. సంతమైదానంలో ఓబ్రాక్ జాతి ఎద్దు కంచు విగ్రహం నిలబడి ఉంటుంది. చుట్టూ బీళ్లలో మేసే ఆ జాతి పశువులు గోధుమరంగులో, కాటుక పెట్టినట్టున్న కళ్లతో, కొసలు నల్లబడిన కొమ్ములతో ఉంటాయి. ఇక్కడి చాకును 1829లో పియెర్-జాఁ కాల్మెల్స్ మొదలుపెట్టాడని చెబుతారు. తరువాత పశువుల కాపరుల కోసం ఆరె, 1880 ప్రాంతంలో సీసా బిరడా తీసే మరసీల చేరాయి. ఇరవయ్యో శతాబ్దంలో తయారీ దాదాపు అంతా తియేర్‌కు తరలిపోగా, 1987లో ఊళ్లోనే మళ్లీ కొలిమి వెలిగించారు. ఫిలిప్ స్టార్క్ రూపకల్పన చేసిన ఆ కర్మాగారం కప్పు మీద 18 మీటర్ల అలుగు ఆకాశంలోకి పొడుచుకు వచ్చి దూరం నుంచే దారి చూపిస్తుంది. లోపలికి ఉచితంగా వెళ్లి అలుగు సాగగొట్టడం నుంచి పిడికి మెరుగు పెట్టడం దాకా చూడవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘లయోల్’ అన్న పేరు చాకు మీద ఉన్నంత మాత్రాన అది ఈ ఊళ్లో తయారైందని కాదు. 1993లో ఊరికి చెందని ఒక వ్యాపారి ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడంతో మొదలైన వ్యాజ్యం ఏళ్లతరబడి నడిచి, 2019లో పారిస్ అప్పీలు కోర్టు తీర్పు గ్రామానికి అనుకూలంగా వచ్చింది. అయినా విదేశాలలో తయారైనవి పారిస్ వీధుల్లో అదే పేరుతో ఇరవై యూరోలకే దొరుకుతాయి. ఊళ్లోని మంచి పనివారి దగ్గర కొమ్ముపిడి చాకు వంద యూరోల పైమాటే. ఒకే పనివాడు మొదటి నుంచి చివరి దాకా ఒక చాకును పూర్తి చేయడం, స్ప్రింగు వెన్నును ఆకురాయితో చేత్తోనే చెక్కడం ఆ ధరకు కారణం.

నేను ఎక్కువ సమయం గడిపినది ఒక చిన్న పనిశాలలో. కొమ్ములో మొన మాత్రమే గట్టిగా నిండుగా ఉంటుంది, మిగతాదంతా బోలు. ఆ బోలుభాగాన్ని వేడిచేసి అదిమి పలకలుగా చేసి వాడతారు. మొనతో చేసిన పిడికి ధర ఎక్కువ, బలమూ ఎక్కువ. అమ్మకందారు ట్రేలో పది పన్నెండు చాకులు తెచ్చి, ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూపింది. పాలిపోయిన కొమ్ములో వెలుతురు తేనెరంగుగా దిగింది, నల్లది ఏమీ చూపలేదు. నల్లవి చాలావరకు గేదెకొమ్ములని, ఓబ్రాక్ కొమ్ము కావాలంటే ప్రత్యేకంగా అడగాలని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. పిడిలో దిగగొట్టిన చీలలు సిలువ ఆకారంలో ఉంటాయి. బీళ్లలో ఉండిపోయే కాపరులు చాకును రొట్టెలో గుచ్చి దాని ముందు ప్రార్థన చేసుకునేవారని ఆ సిలువకు కథ చెబుతారు. కొమ్ముకూ ఇత్తడి కట్టుకూ మధ్య గోటి మొనను నడిపి ఎక్కడా తట్టుకోనిదాన్ని నేను ఎంచుకున్నాను. మా ఆవిడ జూనిపర్ కర్ర పిడి తీసుకుంది, దాని వాసన ఇప్పటికీ ఉంది. మూసేటప్పుడు అలుగును టప్పుమని వదిలేయకుండా వేలితో దింపాలని, లేకపోతే వాదర స్ప్రింగుకు తగిలి నొక్కుపడుతుందని అమ్మకందారు మూసి తెరిచి చూపించింది. డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాక, ఎవరికైనా కానుకగా ఇస్తే స్నేహం తెగకుండా వారి నుంచి ఒక నాణెం పుచ్చుకోమంది. చేతికి చేయిగా కత్తి అందివ్వని ఇంట్లో పెరిగినవాణ్ని కనుక నాకు ఆ మాట వింతగా అనిపించలేదు.

భోజనానికి లయోల్‌లో శాకాహారులు బంగాళాదుంప, తాజా జున్ను, వెల్లుల్లి కలిపి తీగలు సాగేదాకా తిప్పే అలిగో తినవచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి.

పాత సామాను సంతలలో దంతపు పిడులూ, దుప్పికొమ్ము పిడులూ కనిపిస్తే భారతదేశానికి తిరిగి వెళ్లేవారు చూసి వదిలేయాలి. ఒకప్పుడు ఐరోపా చాకులకు మన కణుజు (సాంబర్ దుప్పి) కొమ్ములు ఎగుమతి అయ్యేవి. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నిషిద్ధం, దంతం సంగతి చెప్పనక్కరలేదు. పశువుల కొమ్ము, ఆలివ్, బాక్స్‌వుడ్, అక్రోట్ పిడులతో ఈ బెడద లేదు.

ఫ్రాన్స్‌లో తగిన కారణం లేకుండా చాకు జేబులో పెట్టుకుని తిరగడం నేరమే కనుక మేము కొన్నవాటిని పెట్టెలోంచి తీయలేదు. పారిస్‌లో మ్యూజియాల వద్ద తనిఖీలు ఉంటాయి, చాకుతో లోనికి పోనివ్వరు. కాబట్టి పారిస్‌ను ముందు చూసి ఈ ఊళ్లను చివరకు పెట్టుకుని, విమానంలో చాకును చెక్-ఇన్ సామానులోనే, రసీదుతో సహా ఉంచుకోవాలి.