ఇత్తడి బిందె: మెరుపుకు ఐదు, మెడకు రెండు

మూడేళ్ళ కిందట సంక్రాంతికి అమ్మ కోసం ఇత్తడి బిందె కొన్నాను. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ధర 2,300. నునుపు, మెరుపు చూసి ఆ రోజు కళ్ళు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేశాను.

వానలు వెళ్ళేసరికి మెడ మీద మూడు నిలువు పగుళ్ళు. "ఎక్కడా పడెయ్యలేదే, దిష్టి తగిలింది" అంది అమ్మ. కొట్టాయన ఫోటో చూసి, "గోడకి కొట్టుకునుంటుంది మేడమ్" అన్నాడు. మరి నొక్కు ఏదండీ అంటే మాట్లాడలేదు. తుక్కు రేటుకు తీసుకుంటానన్నాడు, నేనే ఇవ్వలేదు.

నేను పనిచేసేది హీట్ ట్రీట్‌మెంట్ ల్యాబ్‌లో, అంటే లోహాల్ని కాచి వాటి గుణం మార్చే చోట. పగుళ్ళ కింద మెడ చుట్టూ గాజులా ఒక చుట్టు కోసి, దాన్ని ఒకచోట రంపంతో తెగ్గోశాను. తెగిందో లేదో టిక్కుమని నోరు తెరిచింది. రంపం బ్లేడు మందం ఒక మిల్లీమీటరు, సందు చూస్తే నాలుగు! అంటే కొన్న రోజు నుంచీ ఆ మెడ పైపొర తనను తాను లాక్కుంటూనే ఉందన్నమాట.

ఈ బిందెల్ని రేకు బిళ్ళను లేతు మీద తిప్పుతూ, చల్లగానే అచ్చుకు నొక్కి చేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ నలిగేది మెడ. బాగా కాచిన లోహంలో డిస్‌లొకేషన్లు, అంటే పరమాణువుల వరసల్లో తప్పులు, చదరపు సెంటీమీటరుకు పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉంటాయి. ఇలా నలిపితే లక్ష కోట్ల దాకా పోతాయి. గట్టిదనం వాటివల్లే వస్తుంది. కానీ నలుగుడు అంతటా ఒకేలా ఉండదు, అందుకే లోపల బిగువు మిగిలిపోతుంది.

బిగువు ఒక్కటే అయితే బిందె బతికేది. అమ్మ దాన్ని పశువుల కొట్టంలో బోర్లించేది. ఆవు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, పైన వాన తేమ. మైక్రోస్కోపు కింద చూస్తే పగులు ఇత్తడిలోని సన్నటి రేణువుల మధ్య సందుల్లోంచే పాకింది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, గుర్రాలశాలల్లో దాచిన ఇత్తడి తూటాల తొడుగులు వానాకాలంలో ఇలాగే పగిలేవి. సీజన్ క్రాకింగ్ అనే పేరు అందుకే వచ్చింది.

అదే కొట్లో అదే మోడల్ ఇంకోటి కొన్నాను (అవును, తిట్టుకుంటూనే). ఊరికి పంపేముందు, లోపలి బిగువు సడలాలని మా ఫర్నేసులో 275 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. గట్టిదనం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. రంగు మాత్రం గోధుమగా మారింది, చింతపండుతో తోమితే పోయింది. ఈ ఒక్క గంట పని తయారుచేసేవాళ్ళే చేసి పంపితే ఇంకో 50 రూపాయలు ఎక్కువైనా ఇస్తాను. కొనేవాళ్ళు కొట్టాయన్ని "కాచారా?" అని అడగండి. తెల్లమొహం వేస్తే కనీసం కొట్టానికీ కోళ్ళగూటికీ దూరంగా పెట్టుకోండి.

రెండో బిందె రెండు వానాకాలాలు చూసింది, ఇంకా పగల్లేదు. అమ్మ ఇప్పటికీ దాన్ని ఆవు పక్కనే బోర్లిస్తోంది.